ఊదితే పలికేది పిల్లనగ్రోవి... క్యాసెట్ కాదు

వేసవి సెలవుల్లో టీవీ గేమ్ ఆడిన వాళ్ళెవరినైనా అడగండి. క్యాసెట్ పెట్టి స్విచ్ వేస్తే స్క్రీన్ నిండా చారలొచ్చాయనుకోండి, అప్పుడేం చేసేవాళ్ళు? సమాధానం ఒకటే. క్యాసెట్ బయటకు లాగి, నోటి దగ్గర పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివర దాకా "ఫూ..." అని ఊది, మళ్ళీ గుచ్చేవాళ్ళు. ఒంగోలులోనూ అదే, ఒసాకాలోనూ అదే, ఒహాయోలోనూ అదే. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లోనే ప్రపంచమంతా వైరల్ అయిన టెక్నిక్ ఏదైనా ఉందంటే ఇదే.

విచిత్రం ఏంటంటే చాలాసార్లు ఆట ఆడేది కూడా. కానీ పనిచేసింది ఊదడం కాదు, బయటకు తీసి మళ్ళీ పెట్టడం. అలా పెట్టినప్పుడు క్యాసెట్ అంచున ఉన్న పిన్నులు, లోపలి సాకెట్ పిన్నులు ఒకదాన్నొకటి రాసుకుని, ఈసారి కాస్త సరిగ్గా ఆనుకునేవి. మా ఐటీ వాళ్ళ "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" ఎలాంటిదో ఇదీ అలాంటిదే. క్రెడిట్ మాత్రం నోటికి పోయింది.

నోటి గాలితో పాటు తడి కూడా పోతుంది. ఆ తడికి పిన్నులకు మెల్లగా చిలుము పడుతుంది. క్యాసెట్లలోకి ఊదొద్దని నింటెండో కంపెనీయే తన వినియోగదారులకు రాతపూర్వకంగా చెప్పింది. ఎవరు విన్నారు కనుక!

ఇంతకీ ఈ గోల ఇప్పుడెందుకంటే, పండక్కి ఇల్లు సర్దినప్పుడల్లా నాకు రెండు మూడు ఫొటోలొస్తాయి. అటక మీద నుంచి దింపిన పాత డబ్బా, దుమ్ము కొట్టుకుపోయిన క్యాసెట్లు, కింద ఒక మెసేజ్: "బ్రో, ఆన్ అవ్వట్లేదు. పడేయాలా?"

పడేయొద్దు. దాదాపుగా ప్రతిసారీ నా జవాబు ఇదే.

చిప్పు గట్టిదే, చుట్టాలే బలహీనం

ఈ వంశానికి మూలపురుషుడు నింటెండో ఫ్యామికామ్. 1983 జులై 15న జపాన్‌లో వచ్చింది. అమెరికాకు 1985లో ఎన్‌ఈఎస్ పేరుతో వెళ్ళింది. మన దగ్గర 1990ల్లో, 2000ల్లో ఎగ్జిబిషన్లలోనూ ఎలక్ట్రానిక్స్ షాపుల్లోనూ అమ్మిన "టీవీ గేమ్"లు చాలావరకు ఆ ఫ్యామికామ్‌కి నకళ్ళే. మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, సర్కస్ ఆట... అన్నీ దాని మీద పుట్టినవో, దాని మీదకు వచ్చినవో. మీద "9999999 ఇన్ 1" అని రాసుంటుంది. లోపల లెక్కపెడితే మాత్రం అవే పాతిక ముప్ఫై ఆటలు వేర్వేరు పేర్లతో తిరుగుతుంటాయి!

నలభై ఏళ్ళు దాటిన ఎలక్ట్రానిక్ వస్తువు ఇంకా ఎలా పనిచేస్తోంది? అసలు సిసలు కంపెనీ క్యాసెట్లలో ఆట "మాస్క్ రామ్" అనే చిప్పులో ఉంటుంది. ఫ్యాక్టరీలో చిప్పు తయారయ్యేటప్పుడే ఆట దాని నిర్మాణంలో భాగమైపోతుంది. పెన్ డ్రైవ్‌లో ఫైలులా తర్వాత రాసింది కాదు, రాతి మీద చెక్కిన శాసనం లాంటిది. అందుకే అంత తేలిగ్గా చెరిగిపోదు.

ముందు చచ్చేవి దాని చుట్టూ ఉన్నవి. ఒకటి, పిన్నులు ఆనుకునే చోటు. రెండు, కరెంటు వచ్చే దారి. మూడు, క్యాసెట్ లోపలి బుల్లి బ్యాటరీ. మొదటి రెండూ పోతే తిరిగి తెచ్చుకోవచ్చు. మూడోది పోతే దాంతోపాటు పోయేది మాత్రం ఏ షాపులోనూ దొరకదు. దాని గురించి కాస్త ఆగి చెప్తాను.

పిన్నుల సంగతి

ఫ్యామికామ్ క్యాసెట్‌కి 60 పిన్నులు, అమెరికా ఎన్‌ఈఎస్ క్యాసెట్‌కి 72. ఒక్కో పిన్నుదీ ఒక్కో డ్యూటీ. కన్సోల్ "ఫలానా చోట ఏముంది?" అని కొన్ని పిన్నుల ద్వారా అడుగుతుంది, క్యాసెట్ ఇంకొన్ని పిన్నుల ద్వారా జవాబిస్తుంది. ఫోన్ నంబరులో ఒక్క అంకె తప్పినా కాల్ ఇంకెవరి ఇంటికో పోతుంది కదా, ఇక్కడా అంతే. ఒక్క పిన్ను ఆనకపోతే కన్సోల్ అడిగేది ఒకటి, అందేది ఇంకొకటి.

ఇక్కడ మీకు పనికొచ్చే చిట్కా ఒకటుంది. ఈ క్యాసెట్లలో ఆట నడిపే ప్రోగ్రామ్ ఒక చోట, బొమ్మలు ఇంకో చోట విడివిడిగా ఉంటాయి. మ్యూజిక్ చక్కగా వస్తూ, బటన్ నొక్కితే స్పందిస్తూ, బొమ్మలు మాత్రం ముక్కలు ముక్కలుగా కనిపిస్తున్నాయంటే బొమ్మల వైపు పిన్నులు ఆనడం లేదన్నమాట. స్క్రీన్ అంతా ఒకే రంగుతో బిగుసుకుపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది ప్రోగ్రామ్ వైపు పిన్నుల్ని. రెంటికీ మందు ఒకటే: శుభ్రం చేయడం.

కావలసినవి రెండే. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్. (చెవిలో పెట్టుకుని పాటలు వినేవి కాదండోయ్, చెవి తుడుచుకునేవి.) బడ్‌ని ఆల్కహాల్‌లో ముంచి, కారకుండా పిండి, పిన్నుల మీద నిలువుగా, పిన్ను పొడవునా తుడవండి. మొదటి బడ్ నల్లగా వస్తుంది, రెండోది బూడిద రంగులో, నాలుగైదు అయ్యేసరికి తెల్లగా ఉంటుంది. అప్పుడు ఆపండి. పూర్తిగా ఆరాకే కన్సోల్‌లో పెట్టండి. కాటన్ పోగులు పిన్నులకు పట్టుకుని లేకుండా చూసుకోండి.

నింటెండో క్యాసెట్ విప్పాలంటే మామూలు స్క్రూడ్రైవర్ పట్టదు. 3.8 ఎంఎం గేమ్‌బిట్ అని ప్రత్యేకంగా దొరుకుతుంది, కొన్ని కన్సోళ్ళకైతే 4.5 ఎంఎం. నకలు క్యాసెట్లకి ఈ తంటా తక్కువే, చాలావరకు కొక్కేలతో బిగించి ఉంటాయి.

చేయకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో శుభ్రం అనగానే చేతులు ఎక్కడెక్కడికో వెళ్తాయి. శానిటైజర్ వద్దు, అందులో నీళ్ళు, జిగురుగా మిగిలే గ్లిజరిన్ లాంటివి ఉంటాయి. పెట్రోల్, థిన్నర్ వద్దు, ప్లాస్టిక్ కరుగుతుంది. గరుకు కాగితం అస్సలు వద్దు. కంపెనీ క్యాసెట్ల పిన్నుల మీద ఉన్నది పల్చని బంగారు పూత. గిల్టు గాజుని పీతాంబరి పొడితో తోమితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఆ రోజుకి తళతళ, ఆ తర్వాత లోపలి లోహానికి చిలుము. స్కూల్ పిల్లల తెల్ల రబ్బరు పనిచేస్తుంది కానీ అదీ కొద్దిగా అరగదీస్తుంది. ఆల్కహాల్‌కి లొంగని మొండి మరకకి మాత్రమే, మెల్లగా వాడండి.

చాలామంది క్యాసెట్ తుడిచి ఆగిపోతారు. కన్సోల్ లోపలి సాకెట్ మురికిగా ఉంటే శుభ్రమైన క్యాసెట్ కూడా మళ్ళీ మురికవుతుంది. క్యాసెట్ అంచంత మందం ఉండే గట్టి అట్టకి పల్చని గుడ్డ చుట్టి, కాస్త ఆల్కహాల్ అద్ది, కరెంటు తీసేసి, సాకెట్‌లోకి నాలుగైదు సార్లు దించి తీయండి. ఎంత నల్లగా వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది.

ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే

అమెరికా నుంచి మేనమామలో బాబాయిలో తెచ్చిన ఎన్‌ఈఎస్ మీ దగ్గరుంటే దాని తంటా ఇంకొకటి. 1983లో అమెరికాలో వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది. షాపులవాళ్ళు ఆ పేరు వింటేనే జడుసుకునేవాళ్ళు. అందుకని నింటెండో తన కన్సోల్‌ని వీసీఆర్‌లా కనిపించేటట్టు చేసింది. క్యాసెట్‌ని ముందు నుంచి లోపలికి తోసి, కిందికి నొక్కాలి. చూడ్డానికి బాగుంది. కానీ అలా నొక్కినప్పుడల్లా సాకెట్ పిన్నులు కొద్దికొద్దిగా వంగి, కొన్నాళ్ళకి పట్టు తప్పుతాయి.

దానికి తోడు లోపల ఒక కాపలా చిప్పు ఉంది. క్యాసెట్‌లో దాని జోడీ చిప్పు ఉంటుంది. రెండూ మాట్లాడుకుని "మనవాడే" అనుకుంటేనే ఆట మొదలవుతుంది. పిన్నులు ఆనక ఆ మాట కుదరకపోతే కాపలావాడు కన్సోల్‌ని సెకనుకోసారి రీసెట్ చేస్తూనే ఉంటాడు. ఎర్ర లైటు టపటపా కొట్టుకునేది అందుకే. దొంగ క్యాసెట్లని ఆపడానికి పెట్టిన తాళం, మురికి పట్టిన అసలు క్యాసెట్‌ని కూడా ఆపేస్తోందన్నమాట! మన టీవీ గేమ్‌లకి మూలమైన ఫ్యామికామ్‌లో ఈ తాళం లేదు, క్యాసెట్ పై నుంచి నిటారుగా దిగుతుంది. అందుకే అవి కాస్త మొండి ఘటాలు.

ఎన్‌ఈఎస్‌కి ముందు పాత సాకెట్‌నే విప్పి శుభ్రం చేసి చూడండి. కొత్త సాకెట్లు కూడా దొరుకుతాయి కానీ కొన్ని మరీ బిగుతుగా ఉంటాయి, క్యాసెట్ బయటకు లాగడానికి కుస్తీ పట్టాలి. ఆ బిగుతుకి పిన్నుల పూత కూడా త్వరగా అరుగుతుంది.

కరెంటుతో ఆటలొద్దు

అడాప్టర్ పిన్ను పట్టింది కదా అని గుచ్చేయడం. పాత కన్సోళ్ళని ఒక్క క్షణంలో చంపే పని ఇదే.

అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, జపాన్‌లో 100, మన దగ్గర 230. అక్కడి పాత అడాప్టర్‌ని నేరుగా మన ప్లగ్గులో పెడితే పొగ చూస్తారు. సరే, ఇక్కడి అడాప్టర్ కొందామా అంటే అక్కడా మెలిక ఉంది. అమెరికా ఎన్‌ఈఎస్ అడాప్టర్ 9 వోల్టుల ఏసీ ఇస్తుంది, అవును, ఏసీనే. జపాన్ ఫ్యామికామ్‌కి డీసీ కావాలి, అదీ మధ్య పిన్ను నెగటివ్. మన షాపుల్లో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్య పిన్ను పాజిటివ్. అంటే పూర్తిగా ఉల్టా. కాబట్టి కన్సోల్ వెనక, అడాప్టర్ మీద రాసిన మూడు విషయాలు పోల్చి చూడండి: వోల్టులు, ఏసీనా డీసీనా, చిన్న వృత్తాల బొమ్మలో ప్లస్ లోపలుందా బయటుందా. మూడూ కలిస్తేనే గుచ్చండి. ఆంపియర్లు మాత్రం కన్సోల్ అడిగినంత గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే చాలు.

లోపల ఇంకో వృద్ధుడున్నాడు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. చిన్న డ్రమ్ములా ఉంటుంది, లోపల తడి రసాయనం. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తడి ఎండుతుంది, లేదా కారుతుంది. టీవీలో అలల్లాంటి చారలు, స్పీకర్‌లో గుయ్యిమనే శబ్దం వస్తుంటే ఇతని మీద కన్నేయండి. సెగా గేమ్ గేర్ అనే 1990 నాటి హ్యాండ్‌హెల్డ్ ఈ జబ్బుకి ప్రసిద్ధి. సౌండ్ పోవడం, స్క్రీన్ మసకబారడం దాని లక్షణాలు. సోల్డరింగ్ అలవాటున్నవాళ్ళకి కెపాసిటర్ మార్చడం కష్టమేమీ కాదు. ప్లస్, మైనస్ తిరగేయకుండా, పాత దాని మీద రాసిన విలువ చూసి కొనుక్కోవాలి. మన హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఇలాంటివన్నీ విడిగా దొరుకుతాయి.

మన నకలు కన్సోళ్ళ విషయంలో ఒక చేదు నిజం చెప్పాలి. విప్పి చూస్తే చాలా వాటిల్లో చిప్పులే కనబడవు. బోర్డు మధ్యలో ఒక నల్లటి బొట్టు ఉంటుంది. కన్సోల్ మొత్తం ఆ బొట్టు కిందే ఉంది. దాన్ని తెరవలేం, మార్చలేం. కాబట్టి మనం కాపాడుకోగలిగేది దాని చుట్టూ ఉన్నదాన్నే. తప్పు అడాప్టర్‌తో ఆ బొట్టు కాలిపోతే ఇక కథ కంచికే.

ఇంకో హెచ్చరిక. పాత డబ్బా టీవీని మాత్రం మీరు విప్పొద్దు. స్విచ్ తీసేశాక కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి టీవీలు బాగుచేసిన మెకానిక్‌కే వదిలేయండి.

32 కేబీల పిట్ట

ఇప్పుడు మూడో సంగతి. ఆటని మధ్యలో ఆపి సేవ్ చేసుకునే క్యాసెట్లలో చాలావాటికి లోపల ఒక బటన్ సెల్ ఉంటుంది. మీరు సేవ్ చేసింది ఎస్‌ర్యామ్ అనే చిప్పులో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. కన్సోల్ ఆపేశాక ఆ 3 వోల్టుల సెల్ ఒక్కటే రాత్రింబగళ్ళు కూర్చుని ఆ చిప్పుని మేలుకొలిపి ఉంచుతుంది. అది నిద్రపోయిందా, అంతా మాయం.

మొన్న డిసెంబర్‌లో మా పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీ నుంచి వచ్చాడు. సూట్‌కేసులో తన చిన్నప్పటి గేమ్ బాయ్, ఎర్ర రంగు పోకెమాన్ క్యాసెట్ తెచ్చాడు.

"రేయ్, ఇది ఇంకా నడుస్తోంది. బ్యాటరీ ఒకటి మార్చిపెట్టు, మా పాపకిస్తాను" అన్నాడు.

"మారుద్దాం అన్నయ్యా. ముందు లోపలున్నది కాపీ తీద్దాం."

"అక్కర్లేదురా, అది ఎలాగూ కొత్తగా మొదలుపెట్టుకుంటుంది."

ఈ ఆటలో ఒక్క సేవ్‌కే చోటుంటుంది. పాప కొత్త ఆట మొదలుపెట్టి సేవ్ చేస్తే పాతది దాని కింద పడి పోతుంది. బ్యాటరీ మార్చకపోయినా పోతుంది, జాగ్రత్త లేకుండా మార్చినా పోతుంది. "సరే, పోయే ముందు ఒకసారి చూద్దాం" అని ఆన్ చేశాం. జాబితాలో ఒక్కొక్కదాన్ని చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు. ఒక చోట ఆగాడు. ఒక పిట్ట. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో "తాతా".

1999లో తాతయ్య ఆరు నెలలు వాళ్ళింట్లో ఉన్నారట. సాయంత్రాలు సోఫాలో పక్కన కూర్చుని, కళ్ళద్దాలు సరిచేసుకుని, "ఇవాళ మన పిట్ట గెలిచిందా?" అని అడిగేవారట. అందుకని దానికి ఆ పేరు పెట్టాడు. తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఈ పిట్ట సంగతి అన్నయ్యకి కూడా గుర్తులేదు.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కాపీ ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

నిమిషం కూడా పట్టదు. కార్ట్రిడ్జ్ రీడర్ అని చిన్న పరికరం ఉంటుంది, క్యాసెట్‌ని దానికి గుచ్చి యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపితే సేవ్ మొత్తం ఫైలుగా వచ్చేస్తుంది. ఆ ఫైలు సైజు 32 కేబీ. పొద్దున్నే ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఇంతకంటే పెద్దది. రెండుసార్లు చదివి, రెండు ఫైళ్ళూ అచ్చంగా ఒకటేనా అని పోల్చాను. కాపీని ఎమ్యులేటర్‌లో తెరిస్తే పిట్ట ఉంది. అప్పుడు సెల్ మీద మల్టీమీటర్ పెడితే 2.6 వోల్టులు చూపించింది. ఇంకెన్నాళ్ళుండేదో చెప్పలేం.

ఆ తర్వాతే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించాను. పాత సెల్ తీసి కొత్తది వేసి, అదే రీడర్‌తో సేవ్‌ని తిరిగి క్యాసెట్‌లోకి రాశాను.

మీరు చేయించుకునేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, సెల్‌కి రెండు వైపులా రేకు ముక్కలు అతికించినవే కొనండి. షాపులో "ట్యాగ్‌ది కావాలా భయ్యా, సాదాదా?" అని అడుగుతారు. ట్యాగ్‌దే అనండి. సాదా లిథియం సెల్ మీద నేరుగా వేడి ఐరన్ పెడితే అది పగిలే ప్రమాదం ఉంది. రెండు, ఏ నంబరు సెల్ అన్నది ఊహించొద్దు, విప్పి దాని మీదే చదవండి. సీఆర్2025 ఉన్న చోట అదే వేయండి, సన్నదో మందమైనదో ఇరికించొద్దు.

అన్ని క్యాసెట్లూ ఒకేలా ముసలివవ్వవు. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ క్యాసెట్లలో పగలూ రాత్రీ చూపించడానికి ఒక గడియారం కూడా అదే సెల్ మీద నడుస్తుంది. అందుకే వాటి సెల్ త్వరగా అయిపోతుంది. ఆ తర్వాతి తరం రూబీ, సఫైర్‌లలో సేవ్ ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, సెల్ గడియారానికి మాత్రమే. "బ్యాటరీ అయిపోయింది" అని మెసేజ్ వచ్చినా మీ సేవ్ భద్రమే, కంగారు పడొద్దు. మన "ఇన్ 1" క్యాసెట్లలో చాలావాటికి సేవే లేదు కాబట్టి ఈ బెంగా లేదు.

బటన్లు, తుపాకీ, టీవీ

కంట్రోలర్‌లో బటన్ గట్టిగా నొక్కితే గానీ పలకట్లేదా? విప్పండి. కింద నల్లటి గుండీలున్న రబ్బరు షీటు, దాని కింద బోర్డు ఉంటాయి. రెండింటినీ ఆల్కహాల్ బడ్‌తో తేలిగ్గా ఒకసారి తుడిస్తే చాలు, రుద్దితే నల్ల పూత లేచిపోతుంది. బటన్లన్నీ ఒకేసారి చచ్చిపోతే మాత్రం తప్పు వైరుది. ఫ్యామికామ్ వంశం కంట్రోలర్‌లో ఒక బుల్లి చిప్పు 8 బటన్ల స్థితినీ వరసగా ఒకే తీగ మీద పంపిస్తుంది. ఆ తీగ కంట్రోలర్ మెడ దగ్గర తెగిందంటే ఎనిమిదీ పోతాయి. తెగిన చోట కత్తిరించి మళ్ళీ అతికిస్తే ఎనిమిదీ తిరిగొస్తాయి.

ఇక బాతుల్ని కాల్చే తుపాకీ. కొత్త ఎల్‌ఈడీ టీవీ మీద ఎంత గురి పెట్టినా తగలదు. మీ గురి తప్పు కాదు. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ రెప్పపాటు నల్లబడి, బాతున్న చోట తెల్ల చతురస్రం వెలుగుతుంది. తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగుని పట్టుకోవాలి. డబ్బా టీవీ బొమ్మని వచ్చింది వచ్చినట్టే గీసేస్తుంది. కొత్త టీవీ కొంచెం ఆలోచించి చూపిస్తుంది, ఆ కాస్త ఆలస్యానికే సెన్సర్ మోసపోతుంది. మారియో అగాధంలో పడిపోయేదీ ఆ ఆలస్యం వల్లే. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెడితే దూకుడు వరకు కొంత నయం. తుపాకీకి మాత్రం డబ్బా టీవీయే గతి. పనిచేసేది ఒకటి ఇంట్లో ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి.

ఎక్కడ దాచాలి?

అటక మీద మాత్రం వద్దు. మన ఎండలకి అక్కడి వేడి ప్లాస్టిక్‌కీ కెపాసిటర్లకీ శత్రువే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో తేమ ఇంకో శత్రువు. మూత గట్టిగా పట్టే డబ్బాలో, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, అలమరాలో పెట్టండి. హ్యాండ్‌హెల్డ్ అయితే పెన్సిల్ సెల్స్ తీసేసి దాచండి. ఇప్పటికే సెల్ కారి తెల్లటి పొడి కట్టిందా? ఆల్కలైన్ సెల్ అయితే కాస్త వెనిగర్ అద్దిన బడ్‌తో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో శుభ్రం చేయండి. రెండు మూడు నెలలకోసారి బయటకు తీసి అరగంట ఆడండి. తుడిచి దాచిన దానికంటే తుడిచి ఆడిన దాని జబ్బులే ముందుగా తెలుస్తాయి.

ఫోన్లో ఆడుకోవచ్చుగా?

ఆడుకోవచ్చు, నేనూ ఆడతాను. మెట్రోలో కూర్చుని ఎమ్యులేటర్‌లో కాంట్రా ఆడటం కంటే సుఖం ఏముంది! కానీ ఆటలన్నీ ఎక్కడో ఒక చోట భద్రంగా అమ్మకానికి ఉన్నాయనుకోవడం మాత్రం భ్రమ. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో లెక్క తీస్తే, అక్కడ విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్లో దొరకట్లేదని తేలింది. నింటెండో కూడా జపాన్‌లో ఫ్యామికామ్ రిపేర్లు 2007లోనే ఆపేసింది. ఇక ఈ యంత్రాలకి సర్వీస్ సెంటర్ అంటే మనమే.

ఒకవేళ ఆట దొరికినా, ఏ సర్వర్ నుంచి డౌన్‌లోడ్ చేసినా అది అందరి ఆట. అందులో మీ అక్క పెట్టిన పేర్లుండవు, మీరు నెల రోజులు కూర్చుని దాటిన లెవెల్ ఉండదు. అవి ప్రపంచంలో ఒకే ఒక్క చోట ఉన్నాయి, ఆ ఒక్క చిప్పులో, ఆ సెల్ ఊపిరి ఉన్నంతకాలం.

అన్నయ్య ఇప్పుడు పాప కోసం అదే ఆట ఇంకో క్యాసెట్ వెతుకుతున్నాడు. పిట్ట ఫైలు మూడు చోట్ల దాచుకున్నాడు. నాక్కూడా ఒకటి పంపాడు, "నీ దగ్గర కూడా ఉంచరా" అని.

కాబట్టి ఈ ఆదివారం ఆ డబ్బా కిందికి దించండి. అడాప్టర్ మీద రాసింది చదవండి. పిన్నులు తుడవండి. సేవ్ ఉండే క్యాసెట్ అయితే స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే ఆన్ చేసి లోపల ఏముందో, ఎవరున్నారో చూడండి. వరస మాత్రం తప్పొద్దు: ముందు కాపీ, తర్వాతే బ్యాటరీ.

ఊదడం మాత్రం దీపావళి కాకరపువ్వొత్తికీ, వేడి టీకీ ఉంచుకోండి.